నింద కీప్యాడ్‌కు, నేరం వైరుది

దొంగల అలారం కిట్టు విప్పగానే ఇంటిల్లిపాదీ ముందు చేతిలోకి తీసుకునేది కీప్యాడే. పన్నెండు మీటలు, చిన్న తెర, ఎర్రదొకటి ఆకుపచ్చదొకటి లైట్లు. మిగతావన్నీ రేకు డబ్బాలూ తీగలూ. తలుపు పక్కన గోడకు బిగించి కోడ్ కొడితే అది ఉలకదు, పలకదు. లేదా ఆగకుండా కీచుమంటుంది. లేదా లైట్లన్నీ వెలుగుతాయి కానీ ఏ మీట నొక్కినా పట్టదు. "పీసు ఖరాబున్నది, వాపస్ పంపుదాం" అనేస్తారు ఎవరో ఒకరు. పంపుతారు. కొత్తది వస్తుంది. అదీ అంతే.

ఆ రెండో పీసు తెప్పించకముందే చదవాల్సిన అధ్యాయమిది.

ఇలాంటి కిట్టు మన పాలమూరు ఊళ్లకు ఎందుకంటారా? గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రాలయ్యాయి. ఊరి అంచున కొత్త కాలనీలు లేచాయి, పక్కిల్లు ఇంకా లేవని ఇండ్లు వాటిలో చాలానే ఉంటాయి. తాళం పడ్డ ఇల్లు అంటే పాలమూరు నేలకు కొత్త కాదు. ముంబయికీ పుణెకూ కూలికి పోయిన కుటుంబాలు నెలల తరబడి తలుపుకు తాళం వేసి పోవడం తరాల నుంచి చూస్తున్నదే. గద్వాలలో నేతగాడి ఇల్లే పనిచోటు కూడా: పట్టు, జరీ, అమ్ముడుపోవాల్సిన చీరలు అన్నీ మగ్గమున్న గదిలోనే. ఇక పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉండి, అమ్మానాన్నలు ఒంటరిగా మిగిలిన ఇండ్ల సంగతి చెప్పక్కర్లేదు. కిట్టు ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. బిగించే మనిషి దొరకడం కష్టం. సీసీ కెమెరాల అతను తీరిక చూసుకుని వస్తానంటాడు. ఆఖరికి స్క్రూడ్రైవర్ పట్టేది ఇంటి అల్లుడో, వనపర్తి రాజభవనంలో నడిచే పాలిటెక్నిక్‌లో డిప్లొమా చదివే కొడుకో.

ఆ కొడుక్కి మొదట తెలియాల్సింది, తెలివి ఉండేది కీప్యాడ్‌లో కాదని. మెట్ల కిందో బీరువా వెనకో బిగించే డబ్బా ఉంటుందే, ప్యానెల్, మెదడు అందులో ఉంటుంది. తలుపుల అయస్కాంతాలు, గదిలో కదలిక పసిగట్టే కళ్లు, సైరన్, 12 వోల్టుల బ్యాటరీ అన్నీ దానికే తగిలి ఉంటాయి. కీప్యాడ్ చేసేది రెండే పనులు: మీరు నొక్కింది ప్యానెల్‌కు చెప్పడం, ప్యానెల్ చెప్పింది మీకు చూపడం. చవక కిట్లలో రెండింటినీ ఒకే పెట్టెలో పెట్టేస్తారు. నేను చెప్పబోయేది ఎక్కువగా విడి కీప్యాడ్ గురించి.

మీటల వెనక సంగతి కొంచెం చూద్దాం, ఎందుకంటే రోగ నిర్ధారణ అక్కడే మొదలవుతుంది. పన్నెండు మీటలకు పన్నెండు తీగలుండవు. నాలుగు అడ్డ వరసలు, మూడు నిలువు వరసలు, వెరసి ఏడు గీతలు. లోపలి చిప్పు ఒక్కో అడ్డ వరసకు వంతులవారీగా సంకేతం పంపుతూ, అది ఏ నిలువు వరసలో తేలిందో చూస్తుంటుంది. రెండో అడ్డ వరస, మూడో నిలువు వరస కలిశాయంటే 6 నొక్కారని అర్థం. మీట కింద రబ్బరు బొడిపెకు నల్లని కార్బన్ బిళ్ల అంటి ఉంటుంది, రెండు గీతల్ని కలిపేది అదే. నొక్కిన క్షణంలో ఆ స్పర్శ కొన్ని మిల్లీసెకన్ల పాటు వణుకుతుంది. ఒక్క నొక్కు నాలుగు నొక్కులుగా నమోదు కాకుండా చిప్పు ఆ వణుకు సద్దుమణిగేదాకా ఆగి, అప్పుడు లెక్కలోకి తీసుకుంటుంది.

దీన్నిబట్టి, ఏ మీటలు పలకడం లేదో కాగితం మీద రాసుకుంటే సగం సంగతి బయటపడుతుంది. ఒక్క 5 మాత్రమే పట్టడం లేదంటే దాని కార్బన్ బిళ్ల అరిగిందనో, జిడ్డు చేరిందనో అనుకోవచ్చు. 2, 5, 8, 0 నాలుగూ పట్టడం లేదంటే ఆ నిలువు గీత ఎక్కడో తెగింది. ఈ రెండు సందర్భాల్లో తప్పు నిజంగానే కీప్యాడ్‌ది, వాపస్ పంపండి. పన్నెండూ ఒక్కసారే మూగబోయాయంటే మాత్రం మీటల్ని అనుమానించకండి. ఏడు గీతలూ ఒకే రోజు చెడిపోవు.

అప్పుడు చేయాల్సిన పరీక్ష ఒకటుంది, దానికి మించింది నాకు తెలియదు. ప్యానెల్‌కు మెయిన్ కరెంటు ఆపండి, బ్యాటరీ తీగ ఊడదీయండి. కీప్యాడ్‌ను గోడ మీద నుంచి విప్పండి. ప్యానెల్ పక్కకు తెచ్చి, అడుగు పొడవున్న కొత్త తీగతో నేరుగా తగిలించండి. మిగతా సెన్సర్లు, సైరన్, రెండో కీప్యాడ్ ఉంటే అదీ, అన్నీ విడిపించండి. ఇప్పుడు కరెంటివ్వండి. అక్కడ పనిచేస్తే కీప్యాడ్ నిర్దోషి, ప్యానెలూ నిర్దోషే. నేరం గోడలోని వైరుది, లేదా విడిపించిన వాటిలో ఒకదానిది. ఇక ఒక్కొక్కటే తగిలిస్తూ పోవడమే. అన్నీ ఒకేసారి తగిలించి, అన్నీ ఒకేసారి మార్చి చూసేవాళ్లకు అది బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలియదు. వచ్చే నెల మళ్లీ చెడుతుంది.

చాలా కీప్యాడ్లలో, గోడ నుంచి లాగగానే సైరన్ మోగే మీట ఒకటి వెనక దాగి ఉంటుంది, దొంగ పీకకుండా. కరెంటు, బ్యాటరీ రెండూ ఆపకుండా విప్పితే వీధి వీధంతా గుమిగూడుతుంది.

ఇప్పుడు గోడలోని వైరు. ప్యానెల్ నుంచి కీప్యాడ్‌కు వెళ్లేవి నాలుగు తీగలు. ఎరుపు, నలుపు కరెంటుకు. పసుపు, ఆకుపచ్చ మాటలకు. కొన్ని కంపెనీల్లో ఒకటి పోయే మాటకు, ఒకటి వచ్చే మాటకు. మరికొన్నింటిలో ఒకటి పాటకు వేసినట్టు తాళం వేస్తుంటే, రెండోది ఆ తాళానికి తగ్గట్టు అక్షరాలు మోస్తుంది. లైటు వెలిగిందంటే ఎరుపు, నలుపు సరిగ్గా ఉన్నాయనే అర్థం, అంతకుమించి ఏమీ లేదు. వెలుగుతూ మూగగా ఉన్న కీప్యాడ్‌కు పసుపు, ఆకుపచ్చ తారుమారై ఉండొచ్చు. మొదట చూడాల్సింది అదే.

అసలు లైటే లేకపోతే? చాలామంది జేబులోంచి టెస్టర్ తీసి తీగకు ఆనిస్తారు. వెలగదు. "కరెంటే వస్తలేదు" అని తేల్చేస్తారు. టెస్టర్‌లోని నియాన్ దీపం వెలగాలంటే సుమారు 60 నుంచి 90 వోల్టులైనా ఉండాలి. ఇక్కడున్నది 12. నిండు కరెంటున్న తీగకు ఆనించినా అది వెలగదు. ఈ పనికి మల్టీమీటరే కావాలి. ఇంట్లో చవక రకమైనా ఒకటి ఉంచుకోవడం మంచిది.

మల్టీమీటర్‌తోనూ మోసపోవచ్చు. కీప్యాడ్ ఊడదీసి ఉత్త తీగ చివర్ల మీద కొలిస్తే చక్కగా 13 వోల్టులు చూపిస్తుంది. దారిలో ఏ జాయింటో చెడి ఉంటే, తగిలించగానే 8కి పడిపోతుంది. బరువు మోస్తున్నప్పుడే కొలవాలి. కారణం 1827లో గియోర్గ్ ఓమ్ పుస్తకంగా రాసి చెప్పిందే: తీగకు నిరోధం ఉంటే, దానిలో పారే కరెంటు ఎంత ఎక్కువైతే దారిలో అంత వోల్టేజీ ఖర్చయిపోతుంది. జూరాల కాలువ కింద చివరి ఆయకట్టు రైతుకు ఈ సూత్రం వివరించనక్కర్లేదు.

లెక్క వేసి చూద్దాం. మన బజారులో అలారం వైరు అడిగితే తరచూ చేతికిచ్చేది ఇంటర్నెట్‌కు వాడే ఎనిమిది తీగల కేబుల్. ఒక్కో తీగ అరమిల్లీమీటరు మందం. అచ్చమైన రాగి అయితే మీటరుకు 0.084 ఓములు. చవక రకంలో లోపల అల్యూమినియం, పైన రాగి పూత. దాని నిరోధం మీటరుకు దాదాపు 0.13. బ్లేడుతో కొన గీకితే తెల్లగా మెరుస్తుంది, అదే గుర్తు. ప్యానెల్ నుంచి కీప్యాడ్ 30 మీటర్లనుకుంటే పోయిరావడానికి 60 మీటర్ల తీగ: రాగికి 5 ఓములు, పూత తీగకు 8. కీప్యాడ్ ఒక్కటే ఉంటే అది తాగేది 120 మిల్లీ ఆంపియర్ల దాకా. పూత తీగలో పోయేది ఒక్క వోల్టు లోపే, ఇబ్బంది లేదు. కానీ సైరన్‌ను కూడా అదే జతకు కలిపేశారనుకోండి. సైరన్ ఒక్కటే 800 మిల్లీ ఆంపియర్లు లాగితే మొత్తం 0.92 ఆంపియర్లు, 8 ఓములు, అంటే 7 వోల్టుల పైచిలుకు దారిలోనే మాయం. కీప్యాడ్‌కు మిగిలేది 5. తెర ఆరిపోతుంది. మామూలప్పుడు బాగుండి, సరిగ్గా అలారం మోగిన క్షణంలోనే చచ్చిపోయే కీప్యాడ్ కథ ఇది. ఎన్ని పీసులు మార్చినా ఇంతే.

మందు సులువు. సైరన్‌కు వేరే జత ఇవ్వండి. ఎనిమిది తీగల్లో ఖాళీగా ఉన్నవాటిని ఎరుపుకు రెండు, నలుపుకు రెండుగా జోడిస్తే నిరోధం సగమవుతుంది. మెలిపెట్టి టేపు చుట్టిన జాయింట్లు మాత్రం వద్దు. రెండు వానాకాలాలు గడిస్తే ఆ మెలిక తుప్పుపడుతుంది. అల్యూమినియం అయితే ఇంకా త్వరగా.

నాగర్‌కర్నూల్ వైపు ఇండ్లలో ఇంకో చిత్రం కనిపిస్తుంది. వాకిట్లో బోరు, గోడకు స్టార్టర్. మోటరు స్విచ్ వేయగానే కీప్యాడ్ ఒక్కసారి ఆరి వెలుగుతుంది, లేదా తెర మీద పిచ్చి అక్షరాలు వస్తాయి. మోటరు లేచేటప్పుడు మామూలుకంటే ఐదారు రెట్ల కరెంటు లాగుతుంది, ఇంటి వోల్టేజీ క్షణకాలం కుంగుతుంది. ఆ క్షణం ప్యానెల్‌ను ఆదుకోవాల్సింది లోపలి బ్యాటరీ. అంటే మోటరు వేసినప్పుడల్లా కీప్యాడ్ ఆరుతోందంటే బ్యాటరీ చచ్చిందనో, దాని క్లిప్పు ఊడిందనో అనుకోవాలి. దొంగ మీటర్ దగ్గర కరెంటు తీసేస్తే అలారం మోగదని మోటరే మీకు ముందుగా చెబుతోందన్నమాట. పిచ్చి అక్షరాల సంగతి వేరు: కీప్యాడ్ వైరును 230 వోల్టుల వైర్లున్న పైపులోనే దూర్చారు. మాటల తీగలు మోటరు తీగకు అడుగు దూరమైనా ఉండాలి, దాటాల్సి వస్తే అడ్డంగా దాటాలి.

బ్యాటరీ గురించి రెండు ముక్కలు. డబ్బాలో ఉండేది సాధారణంగా 12 వోల్టులు, 7 ఆంపియర్-అవర్ల సీల్డ్ లెడ్ యాసిడ్ రకం. దాని మీద రాసిన ఆయుష్షు 20, 25 డిగ్రీల చల్లదనానికి లెక్కేసింది. ఆపైన ప్రతి 8–10 డిగ్రీలకూ ఆయుష్షు సగమవుతూ పోతుంది. ఏప్రిల్, మే నెలల్లో 42 డిగ్రీలు దాటే మన ఊళ్లలో ప్యానెల్‌ను రేకుల కింద, పడమటి గోడకు బిగించడం బ్యాటరీని చేతులారా చంపుకోవడమే. ఇంట్లో అన్నిటికంటే చల్లని గోడ దానికివ్వండి.

కరెంటు బాగుంది, తీగలు బాగున్నాయి, అయినా ప్యానెల్ కీప్యాడ్‌ను గుర్తించడం లేదు. ఇక మిగిలింది చిరునామా. ఒకే నాలుగు తీగల మీద రెండు మూడు కీప్యాడ్లు వేలాడుతున్నప్పుడు ఎవరు మాట్లాడుతున్నారో ప్యానెల్‌కు తెలియాలి కదా. అందుకే ఒక్కోదానికి ఒక అంకె. రెండింటికీ అదే అంకె ఉంటే ఇద్దరూ ఒకేసారి జవాబిస్తారు, ప్యానెల్‌కు ఏదీ అర్థం కాదు. హనీవెల్ 6160 రకంలో కరెంటిచ్చిన 60 సెకన్లలోపు 1, 3 మీటలు కలిపి నొక్కిపట్టుకుంటేనే ఈ అంకె మార్చుకోనిస్తుంది. ఆ నిమిషం దాటాక ఎంత నొక్కినా పట్టదు. మాన్యువల్‌లో ఆ ఒక్క వాక్యం చూడక పూటంతా పోగొట్టుకునేవాళ్లున్నారు. తప్పు కోడ్ పదే పదే కొడితే కాసేపు మూగబోయే ఏర్పాటు కూడా చాలా కీప్యాడ్లలో ఉంటుంది. అది చెడిపోవడం కాదు, అలగడం. తేనీరు తాగి రండి.

వైర్లెస్ కీప్యాడ్ కొన్నవాళ్లకు ఈ తీగల గోల లేదు, గోడల గోల ఉంది. చవక కిట్లు వాడే 433 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు 69 సెంటీమీటర్లు. ఇటుక గోడను సులభంగానే దాటుతుంది. గద్వాల కోట చుట్టుపక్కల పాత మిద్దె ఇండ్లలో రెండడుగుల రాతి, మట్టి గోడలున్న చోట, అందులోనూ వానకు తడిసిన గోడలో, బాగా చిక్కిపోతుంది. ఇనుప గ్రిల్లుకో షట్టరుకో కీప్యాడ్ తగిలిస్తే యాంటెన్నా పక్కనే లోహం ఉండి ఇంకా బలహీనపడుతుంది. జానెడు పక్కకు జరిపి, చెక్క మీద పెట్టి చూడండి. ఈ చవక రకాల్లో చాలావరకు ఒక్కో పరికరానికి మారని సంకేతం ఒకటే ఉంటుంది: 20 బిట్లు, అంటే 10,48,576 రకాలు. వినడానికి పెద్ద సంఖ్యే. కానీ అది ఎప్పటికీ మారదు కాబట్టి గాలిలో ఒక్కసారి పట్టుకున్నవాడు మళ్లీ అదే పంపి అలారాన్ని ఆపేయగలడు. ప్రతిసారీ సంకేతం మారే రకానికి కొంచెం ఎక్కువ పెట్టినా దండగ కాదు.

టచ్ కీప్యాడ్లది దయ్యాల కథ. ఎవరూ ముట్టకుండానే అంకెలు పడుతుంటాయి. గాజు వెనకున్న పలకకూ మీ వేలికీ మధ్య ఏర్పడే అతి చిన్న కెపాసిటెన్స్‌ను అది కొలుస్తుంది, అదీ పికోఫారడ్లలో. చవక అడాప్టర్ వేస్తే, ఇంటికి ఎర్తింగ్ సరిగా లేకపోతే, అడాప్టర్ నుంచి వచ్చే రొద ఆ కొలతను మించిపోతుంది. నాసిరకం చార్జర్‌కు తగిలించిన సెల్‌ఫోన్ తెర ఎగిరెగిరి పడటం చూసే ఉంటారు, జబ్బు అదే. అడాప్టర్ పీకి బ్యాటరీ మీద నడపండి. దయ్యం పోయిందంటే అడాప్టర్ మార్చండి, ఎర్తింగ్ చూపించుకోండి. వానాకాలంలో అయితే గాజు మీద చెమ్మ కూడా వేలిలాగే కనిపిస్తుంది దానికి. గోడలో వైరు వచ్చే రంధ్రాన్ని సిలికాన్‌తో మూసేస్తే చెమ్మతోపాటు చీమలూ బల్లిపిల్లలూ రాకుండా ఉంటాయి.

కీప్యాడ్ బాగానే ఉండి, "తాళం వేయను" అని మొండికేసే సందర్భం మరొకటి. అప్పుడది ఏదో తలుపు తెరిచి ఉందని చెబుతోంది. 1853లో అమెరికాలో అగస్టస్ పోప్ పేటెంటు తీసుకున్న తొలి విద్యుత్ అలారంలో తలుపు తెరిస్తే తీగ కలిసి గంట మోగేది. తీగ కోసేస్తే గంట లేదు. నేటి ప్యానెల్ దానికి తిరగబడింది. తీగలో ఎప్పుడూ కొద్దిగా కరెంటు పారుతూనే ఉంటుంది, తెగితే అదే దొంగతనం. చివర ఒక చిన్న రెసిస్టర్ కూడా పెట్టమంటారు. దాని విలువ కంపెనీకో రకం: ఒకరిది 2 కిలో ఓములు, ఇంకొకరిది 5.6. ఒకరి రెసిస్టర్ ఇంకొకరి ప్యానెల్‌కు వేస్తే ఏ తలుపూ మూసినట్టు కనిపించదు. అది సెన్సర్ దగ్గరే ఉండాలి. పని తేలికని డబ్బాలోనే బిగిస్తే, దారిలో ఎవరైనా తీగలు కలిపేసినా ప్యానెల్‌కు తెలియకుండా పోతుంది. తలుపుల సంగతీ చూడండి. చెక్క వానలకు ఉబ్బి, ఎండలకు కుంచించుకుని అయస్కాంతానికీ స్విచ్‌కీ మధ్య ఎడం పెరుగుతుంది.

కదలిక పసిగట్టే కంటిని మే నెల మధ్యాహ్నం పరీక్షించండి, జనవరిలో కాదు. మనిషి ఒంటి వేడి 9–10 మైక్రాన్ల పరారుణ కిరణాలుగా వెలువడుతుంది. చుట్టూ గోడలకూ మనిషికీ ఉన్న వేడి తేడానే ఆ కన్ను చూస్తుంది. గోడలు కూడా 35, 36 డిగ్రీలకు కాగినప్పుడు తేడా దాదాపు ఉండదు, దొంగ ఎదురుగా నడిచినా సరిగా కనపడడు.

కోడ్ గురించి ఒక చిన్న లెక్క చెప్పకుండా ఉండలేను. నాలుగంకెల కోడ్‌లు 10,000. ఏడాదిపాటు అవే నాలుగు మీటలు నొక్కితే వాటి మీది అక్షరాలు అరిగి, పసుపో నూనెజిడ్డో అంటి, ఏ నాలుగో చూసినవాడికి తెలిసిపోతుంది. అప్పుడు మిగిలే అవకాశాలు 24. ఒక అంకెను రెండుసార్లు వాడారనుకోండి, అరిగే మీటలు మూడే, కానీ అవకాశాలు 36. తక్కువ మీటలతో ఎక్కువ భద్రత. 1234 అని కంపెనీ ఇచ్చినదాన్ని అలాగే ఉంచితే మాత్రం ఈ లెక్కలన్నీ వృథా.

చివరగా సిమ్. చవక ప్యానెళ్లలో చాలావాటికి ఇప్పటికీ 2జీ మోడెమే ఉంటుంది. 2016 సెప్టెంబరులో మొదలైన జియోకు 2జీ లేదు, 4జీతోనే వచ్చింది. ఆ సిమ్ వేసి, కీప్యాడ్ మీద "నెట్‌వర్క్ లేదు" అని చూసి, కిట్టు మొత్తం తిప్పి పంపినవాళ్లున్నారు. 2జీ నడిపే కంపెనీ సిమ్ వేయండి, ముందు మామూలు ఫోన్‌లో పెట్టి దాని పిన్ తాళం తీసేయండి, రీచార్జి గడువు క్యాలెండర్ మీద రాసిపెట్టండి.

ఆ సిమ్ ఫోన్ చేసే నంబర్లు ఐదో ఆరో పెట్టుకోనిస్తుంది ప్యానెల్. మొదటి నంబరు డల్లాస్‌లో ఉన్న కొడుకుదిగా పెడతారు చాలామంది. మోత విని వచ్చేది పక్కింటివాళ్లే. వాళ్లది మొదట పెట్టండి, ఊరెళ్లేముందు ఠాణాలో చెప్పి వెళ్లండి, నెలకొకసారి మెయిన్ ఆపి బ్యాటరీ మీద సైరన్ మోగించి చూడండి. ఆ రోజు మోగించేముందు పక్కింటివాళ్లకు చెప్పడం మరవకండి.